పై వరుసలో నాలుగోది

తెర మీద పై వరుసలో నాలుగో గడి ఎర్రబడేసరికి తొమ్మిది దాటి ఇరవై నిమిషాలైంది. హేచరీలో అందరూ అక్కా అని పిలిచే ఆమె చేతిలోని టీ కప్పు పెదాల దాకా వచ్చి ఆగిపోయింది.

"ముప్పై ఎనిమిదిన్నర," అని పైకే చదివింది. గదిలో వినేవాళ్లెవరూ లేరు.

పొదిగే గుడ్డుకు కావలసింది ముప్పై ఏడున్నర డిగ్రీలు. అర డిగ్రీ పెరిగితే గడి పసుపు పచ్చగా మారుతుంది, ఒక డిగ్రీ పెరిగితే ఎర్రబడుతుంది, ఒక డిగ్రీ తగ్గితే నీలమవుతుంది. మిగతా వేళల్లో ఆకుపచ్చ. కోడిపిల్లలను పొదిగించే ఆ హేచరీలో మెషీన్లు పది. ఒక్కొక్కటి చిన్న గదంత ఉంటుంది, ఒక్కొక్క దాని కడుపులో పన్నెండు వేల గుడ్లు. పది మెషీన్లకు కంప్యూటర్ తెర మీద పది గళ్లు, పైన అయిదు, కింద అయిదు. వాటిని తయారుచేసిన మనిషి విడ్జెట్లు అంటాడు. హాల్లో వాళ్లు గళ్లు అంటారు, ఆ మనిషిని గళ్ల బాబు అంటారు. అక్కకు మాత్రం అతను మరిది, భర్త తోడబుట్టినవాళ్లలో ఆఖరివాడు.

పై వరుసలో ఒకటి నుంచి అయిదు, కింది వరుసలో ఆరు నుంచి పది. ప్రతి గడి నెత్తిన చిన్న అక్షరాలతో మెషీన్ పేరు ఉంటుంది. ఆరేళ్లుగా ఆ పేరు చదివిన పాపాన ఎవరూ పోలేదు. సొంత ఇంట్లో స్విచ్చు మీద పేరు చదివి లైటు వేసుకునేవాళ్లు ఎక్కడైనా ఉంటారా? పైన నాలుగోది ఎర్రబడితే నాలుగో మెషీన్ వేడెక్కినట్టు, అంతే.

అక్క గోడ ఫోను తీసింది. అది నేరుగా మెషీన్ల హాల్లో మోగుతుంది.

"పొడుగూ, నాలుగు కాలిపోతోంది. గాలి తలుపు పూర్తిగా తెరువు. హీటరు ఆపెయ్."

హాలు చూసుకునే పొడుగుకు ఆ పేరు ఊరికే రాలేదు. నిచ్చెన లేకుండా మెషీన్ నెత్తిన ఉండే గాలి తలుపు అందుకునే మనిషి అక్కడ అతనొక్కడే.

"నాలుగా? నాలుగులో ఉన్నవి మూడు రోజుల గుడ్లక్కా. వాటికి వేడెక్కేంత వయసెక్కడిది?"

"వయసు తర్వాత అడుగుదువు గానీ, ముందు తెరువు."

"తెరిచా. నీ నోటి నుంచి మాట, నా చేతి నుంచి తలుపు."

అతను అన్నదాంట్లో నిజం ఉంది. గుడ్డు మొదటి రోజుల్లో వేడిని అడుక్కుంటుంది. పదిహేనో రోజు దాటాక లోపలి పిల్ల పెరిగి తన వేడి తానే పుట్టిస్తుంది, అప్పుడు చల్లార్చాలి. ఆ రోజు కళ్లల్లో వత్తులు వేసుకుని చూడాల్సింది ఏడో మెషీన్‌ని. దాంట్లో ఉన్నవి పదిహేడో రోజు గుడ్లు. నాలుగు రోజుల్లో పిల్లలు.

నిజానికి ఏడో మెషీన్ మీద ఉన్న ఆ ఆత్రమే పొద్దున అక్క చేత ఆ పని చేయించింది.

గళ్లన్నీ నడిచేది బ్రౌజర్ మీద. పైకి బ్రౌజర్‌లా కనిపించకపోయినా లోపలి సరుకంతా దానిదే. ఆ బ్రౌజర్ పదకొండు నెలలుగా రోజూ పొద్దున్నే ఒక చీటీ పట్టుకొచ్చి తెర మీద నిలబడేది: అప్‌డేట్ చెయ్యమంటారా? రోజూ ముందు వచ్చి కుర్చీలో కూర్చున్నవాళ్లు 'తర్వాత' నొక్కాలి. ఇది మరిది పెట్టిన కట్టడి. "ఎవరూ ముట్టుకోవద్దు వదినా. మెషీన్లు ఖాళీగా ఉన్న రోజు చూసి నేనే చేస్తా," అనేవాడు. పదీ ఖాళీగా ఉన్న రోజు ఆ హేచరీలో ఎప్పుడూ రాలేదు. అందుకని ఆ చీటీకి 'తర్వాత గారు' అని పేరు స్థిరపడిపోయింది. "తర్వాత గారు వచ్చారా? సాగనంపారా?" అనేది ఆ గదిలో పొద్దుటి పలకరింపు.

ఆ రోజు తర్వాత గారు సరిగ్గా కింది వరుసలో రెండో గడి మీద, అంటే ఏడో మెషీన్ మీద, బైఠాయించారు. నొక్కితే పోయారు, మళ్లీ పది నిమిషాల్లో తయారు. నాలుగోసారి అక్కకు ఒళ్లు మండింది. ఏడో మెషీన్‌ని ప్రతి నిమిషం చూడాల్సిన రోజు, మొహానికి అడ్డంగా ఈ గుడ్డపీలిక! 'ఇప్పుడే' నొక్కేసింది.

తెర నల్లబడింది. రెండు నిమిషాల్లో గళ్లన్నీ తిరిగొచ్చాయి. ఆమె గబగబా చూసుకుంది. మొదటి గడిలో ఒకటో మెషీన్ వేడి అంకె అలాగే ఉంది, చివరి గడిలో పదో మెషీన్ వేడి అంకె అలాగే ఉంది. పదీ ఆకుపచ్చగానే ఉన్నాయి. పేర్ల వరుస పైసగం తెగిపోయినట్టుంది, కానీ పేర్లతో ఎవరికి పని? "ఇంతోటి దానికి పదకొండు నెలలు భయపెట్టాడు," అనుకుని టీ తెచ్చుకుంది.

తొమ్మిదిన్నరకు నాలుగో గడి ముప్పై ఎనిమిదీ పాయింట్ ఎనిమిది. గాలి తలుపు బార్లా తెరిచినా దిగలేదు. కంప్యూటర్ కీచు కీచుమనడం మొదలుపెట్టింది.

అంతలో ఇంకో దెబ్బ. కింది వరుసలో రెండో గడి నీలంగా మారింది. ముప్పై ఆరున్నర, ఇంకా దిగుతోంది.

పదిహేడో రోజు గుడ్లు చల్లబడటమంటే లోపల పిల్లలు ఉన్నాయో లేవో!

"పొడుగూ! ఏడు చల్లబడుతోంది. గాలి తలుపు మూసెయ్. హీటరు పెంచు."

"ఏడా? నిన్న దాని ఉక్క తగ్గించడానికి చచ్చాను కదక్కా. ఇవాళ చలేసిందా దానికి?"

"వాదించకు నాయనా, నీకు దణ్ణం పెడతా."

"దణ్ణాలొద్దులే. మూశా, పెంచా." ఒక క్షణం ఆగి అన్నాడు, "అక్కా, నాలుగు మీద చెయ్యి పెడితే చల్లగానే ఉందే."

"జానెడు మందం గోడరా అది. బయట చల్లగా ఉండక సలసలా కాగుతుందా?"

మెషీన్ల మీద ఒకప్పుడు మీటర్లు ఉండేవి. ఒక్కొక్కటే చచ్చిపోయాయి. లోపల పెట్టిన గాజు థర్మామీటర్లలో ఒకటి పగిలి పాదరసం గుడ్ల మీద పడ్డాక వాటినీ తీసేశారు. కొత్త మీటర్లు కొందామా అని హేచరీ యజమానురాలు ఆలోచిస్తున్నప్పుడు, "మా మరిది ఉన్నాడు మేడమ్. అన్నీ ఒక్క తెర మీద చూపిస్తాడు. నా పూచీ," అన్నది అక్కే. వేరే చోట కుదురుగా పనిచేసుకుంటున్నవాణ్ని బతిమాలి తెచ్చింది కూడా అక్కే. నిరుడు ఒకసారి గళ్లు రెండు గంటలు కదలకుండా బిగుసుకుపోయినప్పుడు మేడమ్ తేల్చి చెప్పింది: "ఇంకోసారి ఇలా జరిగితే నీ గళ్లూ వద్దు, నువ్వూ వద్దు." ఆ మాట విన్న రోజు మరిది భార్యకు ఏడో నెల. ఇప్పుడు ఆ ఇంట్లో ముగ్గురు తినే జీతం అది.

ఏడో మెషీన్ పోయిందంటే అతని ఉద్యోగం పోయినట్టే.

మరిదికి ఫోను చేసింది. అతను విడిభాగాల కోసం పొద్దున్నే బజారుకు వెళ్లాడు. రింగు పోతోంది, ఎత్తడం లేదు. మళ్లీ చేసింది. మళ్లీ.

తొమ్మిదీ యాభై. నాలుగు ఎంత చల్లార్చినా పైకి ఎగబాకుతోంది, ముప్పై తొమ్మిదీ పాయింట్ రెండు. ఏడు ఎంత వేడి చేసినా కిందికి జారుతోంది, ముప్పై అయిదూ పాయింట్ ఎనిమిది. ఒకటి పట్టుకుంటే ఒకటి జారిపోతున్నట్టు కాదు, రెండూ పంతం పట్టి ఆమె మాటకు ఎదురు నడుస్తున్నట్టు ఉంది. పద్నాలుగేళ్ల ఉద్యోగంలో ఒక మెషీన్ మొండికెయ్యడం చూసింది. రెండు మెషీన్లు కూడబలుక్కుని మొండికెయ్యడం ఎన్నడూ చూడలేదు.

కుర్చీ వెనక్కి తోసి లేచింది.

హాల్లోకి ఊరికే వెళ్లడానికి లేదు. బయటి రోగం గుడ్లకు అంటకుండా ప్రతివాళ్లూ తల మీంచి స్నానం చేసి, లోపలి బట్టలు కట్టుకుని, అవతలి తలుపులోంచి వెళ్లాలి. యజమానురాలికైనా అదే నియమం. అక్క చన్నీళ్లే కుమ్మరించుకుంది. సబ్బు పూర్తిగా పోయిందో లేదో చూసుకోలేదు. జుట్టులోంచి నీళ్లు కారుతుండగా హాల్లోకి అడుగుపెట్టేసరికి పది దాటి ఎనిమిది నిమిషాలు.

పొడుగు ఆమెను చూసి బిత్తరపోయాడు. "నువ్వొచ్చావేంటక్కా? తెర దగ్గర ఎవరున్నారు?"

"తెర మాట ఇక నమ్మను. నాలుగోదాని తలుపు తియ్."

ఆమె కొత్తలో పనిచేసిన చోట మీటర్లు ఉండేవి కావు. అక్కడి పెద్దావిడ ఒకామె గుడ్డు తీసి కనురెప్పకు ఆనించుకుని డిగ్రీలు చెప్పేది. ఒంట్లో కనురెప్పంత సత్యం పలికే చోటు ఇంకోటి లేదనేది. అక్క నాలుగో మెషీన్ అర నుంచి ఒక గుడ్డు తీసింది. కళ్లు మూసుకుని రెప్పకు ఆనించింది.

చల్లగా ఉంది. కుండలో నీళ్లు తగిలినట్టు హాయిగా, భయంకరంగా చల్లగా ఉంది.

ఆమె గుడ్డును జాగ్రత్తగా వెనక్కి పెట్టింది. ఏడో మెషీన్ దాకా పరుగెత్తింది. తలుపు తీయగానే ముఖాన ఆవిరి కొట్టింది. గుడ్డు తీసి రెప్పకు ఆనించింది. జ్వరం వచ్చిన పసిపిల్ల నుదురు.

"తారుమారు!" అంది. "పొడుగూ, నాలుగు ఏడైంది, ఏడు నాలుగైంది! గంట నుంచీ బాగున్నదాన్ని చల్లార్చాం, కాలిపోతున్నదాని కింద ఇంకా మంట పెట్టాం!"

పొడుగు ఒక్క అంగలో ఏడో మెషీన్ హీటరు ఆపాడు, రెండో అంగలో గాలి తలుపు లాగాడు, తర్వాత పెద్ద తలుపులు రెండూ బార్లా తీశాడు. లోపలి ఫ్యాను మాత్రం ఆగకుండా తిరుగుతోంది. అక్క నాలుగో మెషీన్ మూసి హీటరు వేసి వచ్చింది. మొక్కలకు మందు కొట్టే పంపు లాంటిది ఒకటి హాల్లో ఉంది. దాంట్లో గోరువెచ్చటి నీళ్లు పోసి ఏడో మెషీన్ గుడ్ల మీద సన్నటి మంచులా చల్లడం మొదలుపెట్టారు. చన్నీళ్లు కొడితే పెంకు లోపలి పిల్ల ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. మెల్లగా, అర తర్వాత అర.

"ఇంకా చల్లు."

"చల్లుతున్నా. నువ్వు ఏడవకు, నీ కన్నీళ్లు వేడిగా ఉంటాయి, మళ్లీ గుడ్లు ఉడుకుతాయి."

"ఏడవట్లేదు. తల తుడుచుకోలేదు."

పదిన్నరకు గుడ్డు రెప్పకు హాయిగా తగిలింది. పొడుగు హాలు దీపాలు ఆర్పి, చేతి లైటు మీద ఒక గుడ్డు పెట్టాడు. పదిహేడో రోజు గుడ్డు లోపలంతా చీకటే. పై అంచున గాలి గది దగ్గర మాత్రం సన్నటి వెలుగు గీత. ఆ గీత కదిలితే పిల్ల బతికున్నట్టు. ఇద్దరూ లైటు మీదికి వంగారు.

గీత చిన్నగా తొణికింది.

రెండో గుడ్డు తొణికింది. మూడోది లేదు. నాలుగోది తొణికింది. అక్క ఇంకో అర లాగింది.

మరిది, మేడమ్ ఇంచుమించు ఒకేసారి వచ్చారు. మరిదికి బస్సులో ఫోను వినపడలేదట. తొమ్మిది మిస్డ్ కాల్స్ చూసి మధ్యలోనే దిగి ఆటో పట్టుకున్నాడు. తెర ముందు కూర్చుని రెండు నిమిషాల్లో సంగతి పట్టేశాడు. అప్పటికి అక్క, పొడుగు కూడా గదిలోకి వచ్చారు. మేడమ్ తలుపు దగ్గరే నిలబడింది.

"ఇదివరకు గళ్లు అడ్డంగా పేర్చేది. పైన ఒకటి, రెండు, మూడు, అలా. అప్‌డేట్ తర్వాత నిలువుగా పేరుస్తోంది. ఒకటి పైన, రెండు దాని కింద. మూడు పైన, నాలుగు దాని కింద." కాగితం మీద గీసి చూపించాడు. "అంటే పైన నాలుగో చోట ఏడు కూర్చుంది. కింద రెండో చోట నాలుగు కూర్చుంది. ఒకటీ పదీ మాత్రం కదల్లేదు."

"అందుకే నేను మొదటిదీ చివరిదీ చూసి..." అక్క మాట మధ్యలో ఆగింది.

మేడమ్ మరిది వైపే చూస్తోంది. "అప్‌డేట్ ఎవరు చేశారు?"

కంప్యూటర్‌లో వేళ రాసి ఉంటుంది. తొమ్మిది గంటలకు, ఎవరో 'ఇప్పుడే' నొక్కినట్టు. మరిది అది అప్పటికే చూశాడు. వదిన తడి జుట్టు వైపు ఒక్కసారి చూశాడు.

"దానంతట అదే వచ్చింది మేడమ్."

"దానంతట అదే మారిపోయే తెర నాకెందుకు? లక్షా ఇరవై వేల గుడ్లు దాని నమ్మకం మీద పెట్టుకున్నాను. ఏడో మెషీన్ పిల్లలు లేచేదాకా ఉండు. కొత్తవాళ్లకు అప్పగించి వెళ్లు."

అక్క నోరు తెరిచింది. మాట రాలేదు. భయమో, వణుకో, తడి బట్టలో! ఆ ఒక్క క్షణం దాటిపోయింది. మేడమ్ వెళ్లిపోయింది.

"నన్నెందుకు కాపాడావురా?" అంది ఇద్దరే మిగిలాక.

"తప్పు నాది కూడా వదినా. గళ్లకు చోటు నేను రాసిపెట్టలేదు, బ్రౌజర్ అలవాటు మీద వదిలేశాను. పదకొండు నెలలు తర్వాత, తర్వాత అని తోసింది కూడా నేనే. నాకు వయసుంది, ఎక్కడైనా దొరుకుతుంది. నీకు ఈ పని తప్ప ఇంకోటి రాదు."

"నోరు మూసుకో. నాకు సవాలక్ష వచ్చు."

"ఏంటో ఒకటి చెప్పు."

"తర్వాత చెబుతా," అంది ఆమె.

నాలుగు రోజులు అక్కకు అన్నం సయించలేదు. ఏడో మెషీన్ గుడ్లను పిల్లలు లేచే గదికి మార్చారు. ఆమె రోజూ స్నానం చేసి లోపలికి వెళ్లి వాటి పక్కన నిలబడి వచ్చేది. ఇరవయ్యో రోజు సాయంత్రం మొదటి పెంకు మీద గీటు పడింది. మర్నాడు పొద్దుటికి గదంతా కిచకిచలు. పొడుగు బుట్టలు లాగుతూ లెక్కపెట్టాడు. మామూలుగా నూటికి ఎనభై ఏడు, ఎనభై ఎనిమిది లేస్తాయి. ఆ రోజు డెబ్బై తొమ్మిది.

నూటికి తొమ్మిది తక్కువ. వెయ్యికి పైగా పిల్లలు పెంకులోనే ఉండిపోయాయి. అక్క ఆ బుట్టల వైపు చూసి, తల తిప్పుకోకుండా కాసేపు అలాగే నిలబడింది. తర్వాత నేరుగా మేడమ్ గదికి వెళ్లింది. మరిది తాళాలు అప్పగించడానికి అప్పటికే అక్కడ ఉన్నాడు.

"మేడమ్, అప్‌డేట్ దానంతట అది రాలేదు. నేను నొక్కాను."

"వదినా!"

"నువ్వుండు. చీటీ ఏడు మీద అడ్డం పడిందని నొక్కాను. ముట్టుకోవద్దని వీడు పదకొండు నెలలు చెప్పాడు. మీరు అడిగిన రోజే చెప్పాల్సింది. నోరు పెగల్లేదు. పంపాలనుకుంటే నన్ను పంపండి. మనిషి చెయ్యి పెడితేనే ఆ తెర మారింది."

మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"నాలుగు రోజుల నుంచీ నాకు పీడకలలు," అంది. "రేపు ఇంకే గడి దేంతో కలుస్తుందో అని. కంప్యూటర్ దానంతట అదే చేసిందంటే నేనెవర్ని అడగాలి? ఏమయ్యా, అబద్ధం చెప్పి మీ వదినను కాపాడావనుకున్నావు. నా నిద్ర పాడుచేశావు."

మరిది తాళాల గుత్తి బల్ల మీద పెట్టబోయాడు.

"తాళాలు దగ్గరుంచుకో. పది మెషీన్లకూ మీటర్లు తెప్పిస్తున్నాను. ఆరేళ్ల కిందటే కొనాల్సింది. ఇకమీద మీటరూ గడీ ఒకే మాట చెబితే తప్ప ఎవరూ ఏ తలుపూ తియ్యరు." అక్క వైపు తిరిగింది. "నువ్వు ఆరు నెలలు కుర్చీ వదిలి హాల్లో పని చెయ్. నాలుగు, ఏడు నీ పూచీ."

"అలాగే మేడమ్."

"గుడ్డు రెప్పకు ఆనించి చూస్తావటగా? పొడుగు చెప్పాడు. హాల్లో అందరికీ నేర్పు. నాకు కూడా."

బయటికొచ్చాక మరిది వరండాలో ఆగాడు. వ్యాన్ వెనక తలుపు తెరిచి పిల్లల బుట్టలు ఎక్కిస్తున్నారు. పసుపు రంగు ముద్దలు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ గోల చేస్తున్నాయి.

"వదినా, అన్నయ్యకు చెప్పావా?"

"ఏమని?"

"ఇకమీద రోజూ పొద్దున్నే ఇంట్లో ఒకసారి, ఇక్కడ ఒకసారి, రెండు స్నానాలని."

"చెబితే ఆయన ఏడాది పాటు నవ్వుతాడు."

"నేను చెబుతాలే," అన్నాడు మరిది.

"నువ్వు ఇంకేం చెప్పకురా బాబూ," అని అక్క అతని చేతిలోని తాళాల గుత్తి లాక్కుని, కంప్యూటర్ గది తలుపు తీసి, అతన్ని లోపలికి తోసింది. "ముందు ఆ గళ్ల నెత్తిన మెషీన్ పేర్లు నా కంటికి ఆనేంత పెద్దవి చెయ్."